అమానుల్లా ఇంటి మీద విచారణ

రోజూ తెల్లవారి నమాజు చదువుకొని మసీదులోంచి వస్తానే అమానుల్లా చేసే మొదటి పని, దుకాణం తాళం ముందు వంగి చూడడం. ముందురోజు తాళం వేసేటప్పుడు తాళంచెవి పెట్టే బొక్కలో చిటికెడు దూది కూరి పోయేవాడు. పొద్దున ఆ దూది తాను కూరినట్టే ఉందా, ఎవరన్నా కదిలించినారా అని తల అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. దూది ఒక్కనాడూ కదల్లేదు. అయినా ఆయన అలవాటు మానలేదు.

“ఆ దుకాణంలో ఏముందని నాయనా దొంగలొచ్చేది? నాలుగు దూది బస్తాలు, దబ్బనాలు. అవి ఎత్తుకపోయి వాళ్లు పరుపులు కుట్టుకోవాలనా?” అని కూతురు ఉజ్మా నవ్వేది.

“ఇంతవరకు రాలేదంటే దూది ఉందనే గదా రాలేదు” అనేవాడు అమానుల్లా.

తాళం తీసినాక బస్తాలో చెయ్యి పెట్టి అన్నిటికన్నా తెల్లగా ఉన్న దూది గుప్పెడు తీసి, ఎదురింటి సౌభాగ్యమ్మ కిటికీలో పెట్టి వచ్చేవాడు. ఆమె దీపం వత్తులకు. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. ఇనుప తాళాన్ని నమ్మని మనిషి పొరుగింటి దీపాన్ని మరవకపోవడం ఏ లెక్కలోదో, మనుషులను చేసినాయనకే తెలియాలి.

అమానుల్లాది గిద్దలూరు పక్క పల్లె. నూర్‌బాషాలు, ఇంట్లో తెలుగే. వాళ్ల నాయన విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి దూదేకేవాడు. అమానుల్లా మార్కాపురం వచ్చి, కంభం రోడ్డు మీది సందులో మిషను పెట్టినాడు. పెళ్లంటే కొత్త పరుపులు కుట్టించే రోజుల్లో ఆయనకు తీరిక ఉండేది కాదు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ ఇంట్లో పెళ్లి ఉన్నా మంచాల కొలత తీసుకొనేది ఆయనే. అట్ల ఇళ్లలోకి పోయి పోయి, ఇళ్ల సంగతులు తెలిసి తెలిసి, ఆయనకు ఇంకొక పని అంటుకుంది. పెళ్లి విచారణ.

మనవైపు పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా ముందు ఒక మనిషి పోయి ఆ వీధిలో కూర్చొని, టీ తాగి, అటూ ఇటూ నాలుగు మాటలు అడిగి రావడం ఉంది గదా. సందులో హిందువులైనా, సాయిబులైనా, కిరస్తానీలైనా ఆ పనికి అమానుల్లానే పంపేవాళ్లు. ఎందుకంటే ఆయన ఎవరి మాటా ఊరికే నమ్మడు. దొనకొండలో ఒక పిల్లోడి గురించి విచారించడానికి పోతే, వీధంతా బంగారం అన్నారంట. అమానుల్లా ఆ ఇంటికి పోయి, “పాత పరుపులుంటే ఏకి కొత్తవి చేసిస్తా” అని లోపలికి దూరినాడు. వాళ్లు తెచ్చి వేసిన పరుపుల్లో ఒక దాని నిండా బీడీలు కాల్చిన బొక్కలు. తిరిగొచ్చి, “పడుకొని తాగే మనిషి. ఎందుకు పడుకున్నాడో, ఏం తాగి పడుకున్నాడో మీరే చూసుకోండి” అన్నాడు. ఆ సంబంధం వాళ్లు మానుకున్నారు.

ఆయన ఒకటి మాత్రం బాగా కనిపెట్టినాడు. విచారణకు వచ్చినవాళ్లతో ఎవరూ చెడు చెప్పరు. ఆడపిల్ల పెళ్లికి అడ్డమొస్తే పాపం తగులుతుందని అందరికీ భయం. అందుకని ఉన్నదాని మీద నాలుగు పెంచి చెప్తారు. చామనచాయను పసుపు పచ్చ అంటారు, రేకుల ఇంటిని మిద్దె అంటారు. అది అబద్ధమని వాళ్లకు అనిపించదు, పుణ్యం అనిపిస్తుంది. “పొగిడే నోళ్లతోనే నాకు పని కష్టం” అనేవాడు అమానుల్లా.

ఇట్లాంటి మనిషి ఇంట్లో ఒకనాటి పొద్దున ఉజ్మా వచ్చి, “నాయనా, నాకు ఐర్లాండులో సీటొచ్చింది” అని చెప్పింది.

ఉజ్మా మార్కాపురంలోనే ఫార్మసీ చదివి, మెడికల్ షాపులో పనికి పోతా ఉంది. విజయవాడ పోయి ఇంగ్లీషు పరీక్ష రాసొస్తే, అది ఏదో ఉద్యోగానికి అనుకున్నాడు ఆయన. కాలేజీలో చదువు చెప్పిన సార్ల దగ్గర ఉత్తరాలు తెచ్చుకున్నదీ, తాను ఎందుకు చదవాలనుకుంటుందో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి పంపిందీ అన్నీ ఫోనులోనే జరిగినాయి. భార్య హాజిరాకు మాత్రం అంతా తెలుసు.

“అంటే ఇంట్లోనే ఇద్దరూ ఒకటైనారు” అన్నాడు అమానుల్లా.

“నీకు చెప్తే ముందు ఐర్లాండు పోయి టీ తాగి విచారించి రమ్మంటావని చెప్పలా” అంది హాజిరా, చాటలో బియ్యం చెరుగుతా.

“కన్సల్టెన్సీ ఎవురు? ఎంత అడిగినాడు?”

“ఎవురూ లేరు నాయనా. నేనే అప్లై చేసుకున్నా. యూనివర్సిటీ వాళ్ల సైటులోనే.”

అది విని అమానుల్లాకు అనుమానం ఇంకా ఎక్కువైంది. మధ్యలో మనిషి లేకుండా, ఎవరూ ఏమీ అడగకుండా, ముఖం చూడకుండా, సముద్రం అవతలి వాళ్లు మన పిల్లను రమ్మంటారా? ఆ కాలేజీ నిజంగా ఉందో లేదో. ఉన్నా, ఒక బోర్డూ రెండు కుర్చీలూ వేసి పెట్టినారేమో. పేపర్లలో ఎన్ని చదవడం లేదు, పోయిన పిల్లలు అక్కడ గేటు దగ్గర నిలబడి ఏడ్చిన కథలు.

“సరే. విచారిద్దాం” అన్నాడు.

హాజిరా చాట కింద పెట్టి ఉజ్మా వైపు చూసింది. “నేను చెప్పలా?”

గిద్దలూరులో భాగ్యమ్మ అని ఒకామె ఉంది. ఆమె కూతురు నర్సు, ఐర్లాండులోనే పని చేస్తుంది. ఆ కూతురి పెళ్లికి పరుపులు కుట్టింది అమానుల్లానే. మరుసటి వారం బస్సెక్కి గిద్దలూరు పోయి, చర్చి పక్కన వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చున్నాడు.

“భాగ్యమ్మా, మీ అమ్మాయికి సెలవున్నప్పుడు ఒక్కసారి ఆ కాలేజీ దాకా పోయి చూడమనాలి. లోపల దీపాలు వెలుగుతున్నాయా, ఆడపిల్లలు వస్తా పోతా ఉన్నారా, గేటు దగ్గర మనిషి ఎట్లాంటివాడు. ఆ గేటు మనిషిని అడగమను. లోపల పెద్దవాళ్లను అడిగితే పొగుడుతారు.”

భాగ్యమ్మ నవ్వలేదు. కూతురిని పరాయి దేశం పంపిన తల్లి ఆమె. “మేము ఇట్ల అడిగే మనిషి లేక, మోకాళ్ల మీద ప్రార్థన చేసి పంపినామన్నా. నీకన్నా అడగడానికి నేనున్నా” అని లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆ నర్సమ్మాయి ఎంత మంచిదో చూడండి. ముఖం కూడా సరిగ్గా గుర్తులేని పరుపుల సాయిబు కోసం, తన సెలవు రోజున వానలో గొడుగు పట్టుకొని, రైలెక్కి ఇంకొక ఊరు పోయి, ఆ కాలేజీ ముందు నిలబడి వీడియో తీసి పంపింది. పెద్ద గేటు, తడిసిన గడ్డి, సంచులు తగిలించుకొని పోయే పిల్లలు. గేటు దగ్గర తెల్ల గడ్డం మనిషి ఒకాయన ఫోను వైపు చూసి చెయ్యి ఊపినాడు. నర్సమ్మాయి గొంతు తెలుగులో చెప్తా ఉంది. “అంకుల్, ఈయన్ను అడిగినా. మంచి కాలేజే అంటున్నాడు. ఈ పిల్లలు చలికి సరైన కోట్లు వేసుకోరు, అది ఒక్కటే తన బాధ అంట.”

అమానుల్లా ఆ వీడియో ఎన్నిసార్లు చూసినాడో. చివరకు ఫోను కింద పెట్టి, “పిల్లలకు చలేస్తుందని చూసుకునే మనిషిని గేటు దగ్గర పెట్టుకున్నారంటే, మంచి ఇల్లే” అన్నాడు.

ఇంక ఫీజు. హైదరాబాదులో ఒక ట్రస్టు ఉందని ఉజ్మా కనుక్కుంది. లేని ఇళ్లలో బాగా చదివే ఆడపిల్లలను పై చదువులకు పంపుతుంది. ఆ పిల్ల నిజంగా చదవాలనుకోవాలి, ఇంట్లో నిజంగా లేమి ఉండాలి, అంతే. ఉజ్మా దానికీ పెట్టుకుంది. ట్రస్టు వాళ్లు ఆమెతో ఫోనులో చాలాసేపు మాట్లాడినారు. వాళ్లు సరే అంటేనే ఐర్లాండు, లేకుంటే మెడికల్ షాపే. ఇంట్లో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు కాబట్టి దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు.

అమానుల్లా ఇంట్లో ఒక ఆజ్ఞ వేసినాడు. “విమానం ఎక్కేదాకా ఈ మాట సందులో పొక్కకూడదు. కళ్లు మంచివి కావు. ఎవురు ఎక్కడ పుల్ల పెడతారో తెలియదు.”

“సౌభాగ్యత్తకు కూడానా?” అడిగింది ఉజ్మా.

“అక్క మంచిదే. అక్క దగ్గర ఇడ్లీ తినేవాళ్లంతా మంచివాళ్లా?”

నిజమే, సౌభాగ్యమ్మది ఇంటి ముందరే ఇడ్లీ బండి. సందులో మాటలన్నీ అక్కడికి వచ్చి ఒక ప్లేటు తిని పోతాయి. అందుకని ఆమెకు కూడా చెప్పలేదు.

అట్ల కొన్నాళ్లు గడిచినాయి. అమానుల్లా ఎవరు నవ్వినా ఎందుకు నవ్వినాడా అని చూసినాడు. ఉజ్మాను, “ఏంది పాప, ఈమధ్య సంతోషంగా ఉన్నావు?” అని పాలాయన అడిగితే, ఆ పాలాయనను రెండు రోజులు కనిపెట్టినాడు. కరెంటు బిల్లు కొట్టే మనిషి కొంచెంసేపు ఎక్కువ నిలబడితే, “మీటరు చూసేదానికి ఇంతసేపా?” అని ఎదురు ప్రశ్న వేసినాడు.

ఒక మంగళవారం మధ్యాహ్నం ట్రస్టు నుంచి ఫోను వచ్చింది. ఉజ్మా స్పీకరులో పెట్టింది. అవతల మేడం గొంతు మెత్తగానే ఉంది.

“అమ్మా, మేము సాయం చేసేముందు ఒక మనిషిని పంపి వీధిలో విచారిస్తాం. ముందుగా చెప్పి పోము, ఎందుకొచ్చినామో కూడా చెప్పము. మా డేవిడ్ గారు మీ సందుకు వచ్చి వెళ్లినారు. మీరు రాసిందానికీ, అక్కడ విన్నదానికీ పొంతన లేదు. మీది సొంతిల్లంట, పైన అంతస్తు కూడా ఉందంట. కంభం చెరువు కింద మాగాణి ఉందంట. అమ్మాయికి చదువు మీద ఇష్టం లేదని, ఎప్పుడో మానేసిందని, సంబంధాలు చూస్తున్నారని చెప్పినారు.”

ఉజ్మా ఫోను నాయన వైపు జరిపింది. అమానుల్లానే ఫోను దగ్గరికి వంగినాడు. “మేడం, మాకు మాగాణి కాదు, కుండీలో మొక్క కూడా లేదు. ఎవురో గిట్టనివాళ్లు చెప్పినారు.”

“అయి ఉండొచ్చు. మా దగ్గర ఉన్నది ఆ మాటే. శుక్రవారం పేర్లు ఖాయం చేస్తాం. గురువారం డేవిడ్ గారు దొనకొండలో ఇంకొకరి ఇంటికి వస్తున్నారు. కావాలంటే మీ సందులో ఒకసారి ఆగమంటా. మీ బంధువులు కాకుండా, మీ ఇంటి సంగతి తెలిసిన ఒకరు ఆయనతో మాట్లాడాలి. ఆ తర్వాత ఎట్లయితదో నేను మాట ఇవ్వలేను.”

ఫోను పెట్టేసినాక ఉజ్మా గోడ వైపు తిరిగి కూర్చుంది. హాజిరా ఆమె వీపు మీద చెయ్యి వేసింది. అమానుల్లా చెప్పులు వేసుకున్నాడు.

“ఎక్కడికి?” అంది హాజిరా.

“పుల్ల ఎవురు పెట్టినారో నాకు తెలుసు.”

ఆయన మనసులో ఉన్నది మొహసిన్. మొహసిన్‌ది మెయిన్ బజారులో పలకల దుకాణం. పోయిన ఏడాది తన కొడుకు అల్తాఫ్‌కు ఉజ్మాను అడిగినాడు. అమానుల్లా అల్తాఫ్ గురించి కూడా అలవాటు ప్రకారం నాలుగు చోట్ల విచారించి, వద్దన్నాడు. సందులోవాడు, రోజూ చూసే పిల్లోడు, వాడి మీద కూడా విచారణా అని మొహసిన్‌కు ఉక్రోషం వచ్చింది. అప్పటినుంచి మసీదులో పక్కపక్కన నిలబడినా మాటల్లేవు.

మొహసిన్ పలకల చట్రాల మీద దుమ్ము తుడుస్తా ఉన్నాడు. తలెత్తి చూసి మళ్లీ తుడుచుకున్నాడు.

“ఏం మొహసిన్ భాయ్, మా ఇంటికి మాగాణి రాసిచ్చినావంట. ఎన్ని ఎకరాలు?”

“ఏడాది తర్వాత నా మెట్టెక్కినావు, సలామన్నా చెప్పి తిట్టు.”

“అస్సలాము అలైకుం. ఇప్పుడు చెప్పు.”

“వాలైకుం అస్సలాం. కూసో, టీ తెప్పిస్తా.”

“నీ టీలో ఏముంటదో.”

“చక్కెర ఉంటది. నీకేదన్నా జబ్బుంటే చెప్పు, లేకుండా తెప్పిస్తా.” మొహసిన్ గుడ్డ పక్కన పెట్టినాడు. “ఏం మాగాణి, ఏం కథ? నిదానంగా చెప్పు.”

అమానుల్లా సగం చెప్పినాడు, సగం దాచినాడు. ఎవురో ఒక మనిషి వచ్చి తన ఇంటి గురించి అడిగితే, చెడు చెప్పి పంపినావు గదా అన్నాడు.

“సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలు పెట్టుకొని? వచ్చినాడు” అన్నాడు మొహసిన్. “సందులో మా ఇంటి ముందర నన్ను ఆపి, అమానుల్లా గారి అమ్మాయి ఎట్లాంటిది అని అడిగినాడు. సంబంధం వాళ్లనుకున్నా. నేను ఒకటే మాట చెప్పినా. ‘నాయనా, మాకూ వాళ్లకూ మాటల్లేవు. నేను మంచి చెప్పినా నమ్మొద్దు, చెడు చెప్పినా నమ్మొద్దు. నన్ను అడగొద్దు’ అని. నా కొడుక్కు రాకపోతే ఏంది, ఆ పిల్లకు మంచి ఇల్లు దొరికితే చాలనుకున్నా. నువ్వు ఇట్లా మెట్టెక్కి వస్తావని తెలిసే నోరు కట్టుకున్నా.”

అమానుల్లా ఆయన ముఖంలోకి చాలాసేపు చూసినాడు. జీవితమంతా ముఖాల్లోకి చూసిన మనిషి. నమ్మాలని ఆయనకు లేదు. నమ్మకుండా ఉండడానికి ఆ ముఖంలో ఏమీ దొరకలేదు.

“మరి ఎవురి దగ్గరికి పోయినాడు?”

“ఇంకెక్కడికి? సౌభాగ్యమ్మక్క బండి దగ్గర కూసున్నాడు. ఇడ్లీ తిని, ఇంకొక ప్లేటు పెట్టించుకున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటా మాట్లాడినారు.”

ఈలోగా టీ వచ్చింది. అమానుల్లా తాగినాడు. తాగి, “చక్కెర ఎక్కువైంది” అని లేచి పోయినాడు.

సౌభాగ్యమ్మ ఇడ్లీ రేకులు కడిగి బోర్లిస్తా ఉంది. అమానుల్లాను చూడగానే ముఖం విప్పారింది. చెయ్యి కొంగుకు తుడుచుకొని పీట జరిపింది.

“ఏం తమ్ముడూ, ఖాయమైందా? నాకు తెలుసు, నువ్వే వచ్చి చెప్తావని నేనే ఆగినా. పిల్లోడు ఎవురు? ఆ వచ్చినాయన తమ్ముడా?”

“ఎవురు వచ్చినారక్కా?”

“నా దగ్గర కూడా దాస్తావే! విచారణకొచ్చినాడు గదా, కళ్లద్దాలాయన. నువ్వు ఊరందరి పిల్లల కోసం తిరుగుతావే, నీ పిల్ల కోసం ఎవురో ఒకరు గట్టిగా చెప్పేవాళ్లుండాలి గదా. నేను చెప్పినా.”

“ఏం చెప్పినావు?”

“ఇల్లు సొంతమన్నా. పైన గదులు కూడా ఉన్నాయన్నా. ఆ గదులు ఇల్లుగలాయన మస్తానయ్యవే అనుకో, వచ్చినాయనకు ఆ సంగతి ఎందుకు? కంభం చెరువు కింద మాగాణి ఉందన్నా. ఎన్ని ఎకరాలని అడిగినాడు. కొలిచి చూడలేదు నాయనా, కంటికి ఆనదు అన్నా.” సౌభాగ్యమ్మ నవ్వింది. “ఇంక పిల్ల గురించి. మెడికల్ షాపుకు పోతుందని చెప్పలా, ఏమనుకుంటారో అని. గడప దాటదన్నా. పప్పు చేస్తే నాలుగిళ్లకు వాసన అన్నా.”

“మాడు వాసన” అన్నాడు అమానుల్లా, తెలియకుండానే.

“ఆ సంగతి పెళ్లయినాక తెలుస్తది. ఇంకొకటి అడిగినాడు, పై చదువులు చదవాలని ఉందా పిల్లకు అని. నాకు అర్థమైపోయింది. చదివే కోడలంటే భయపడే ఇల్లు. అయ్యో, చదువా, ఆ పిచ్చి ఎప్పుడో పోయింది నాయనా, పుస్తకం చూస్తే ఆవులింతలొస్తాయి మా పిల్లకు, ఎప్పుడెప్పుడు కాపురానికి పోదామా అని ఉంది అన్నా. ఆయన అంతా రాసుకున్నాడు. తమ్ముడూ, ఏమైంది? అట్ల చూస్తావేంది?”

అమానుల్లా పీట మీద కూర్చున్నాడు. చెప్పినాడు. ఐర్లాండు, ట్రస్టు, ఆ మనిషి ఎందుకొచ్చినాడు, మేడం ఫోనులో ఏమన్నది, అంతా. చెప్పేకొద్దీ సౌభాగ్యమ్మ ముఖం మీది నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. చేతిలో రేకు అట్లనే పట్టుకొని ఉంది, నీళ్లు కాళ్ల మీద కారుతా ఉన్నాయి.

“అంటే నా నోటితో నేనే...”

“నీ తప్పు కాదక్కా.”

“ఆ పిల్ల ఇంటికొచ్చేటప్పుడు నడుచుకుంటా కూడా ఫోనులో ఇంగ్లీషు పాఠాలు వింటాది, స్తంభానికి తగులుకుంటాదని రోజూ నేనే అరుస్తా ఉంటిని. ఆ నోటితోనే ఆవులింతలని చెప్పినా.” కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. కొంచెంసేపటికి తీసి, “నాకు ఎందుకు చెప్పలా?” అని అడిగింది.

అమానుల్లా ఆమె చేతిలోని రేకు తీసుకొని బోర్లించినాడు.

“ఎదురిల్లు గదా తమ్ముడూ. తలుపు తీస్తే నీ ఇల్లే గదా నాకు కనపడేది. ఒక్క మాట, పిల్ల చదువుకు పోతాందక్కా అని చెప్పింటే, ఆ వచ్చినాయనకు ఇంకొక నాలుగు ఇడ్లీలు పెట్టి, ఉన్నదంతా చెప్పి పంపి ఉంటిని గదా.”

దొనకొండలో, అర్ధవీడులో, కంభంలో ఎన్ని వీధుల్లో ఎంతమందిని అడిగినాడో, ఒక్కరు కూడా ఆయనను ఇట్ల అడగలేదు. లేచి ఇంటికి పోయినాడు.

ఇంట్లో ఉజ్మా సంగతంతా విని ఒక్కసారి గట్టిగా నవ్వింది. నవ్వు ఆగినాక ఏడ్చింది. “సౌభాగ్యత్తను ఏమీ అనలేదు గదా నాయనా?” అని అడిగింది.

“అనలేదు.”

“మొహసిన్ మామను?”

“ఆయన టీ తాగినా.”

హాజిరా చాటలంత కళ్లు చేసుకొని చూసింది. తర్వాత నిదానంగా అన్నది. “బంధువులు కాకుండా మన ఇంటి సంగతి తెలిసినవాళ్లు అన్నారు గదా. ఎవురున్నారు?”

ముగ్గురూ ఆలోచించినారు. ఆలోచించడానికి ఏముంది? అమానుల్లా ఇన్నేళ్లూ ఇంటి సంగతి గడప దాటకుండా చూసుకున్నాడు. ఫోము పరుపులొచ్చి తన పని పోయినా, మిషను బాగుచేయడానికి ఇచ్చినా అని చెప్పేవాడు. పండక్కి అందరిలాగే తెల్ల బట్టలు కట్టుకొని, అందరికన్నా ముందు నవ్వేవాడు. ఊళ్లో ఆయన్ను లేనివాడని ఎవరూ అనుకోరు. అనుకోకూడదనే ఆయన తాపత్రయం అంతా. ఎంత దాచినా, ఎదురింటి కిటికీ నుంచి చూసే కళ్లకు దాయలేనివి కొన్ని ఉంటాయి. ఆ కళ్లు చూసినాయి, నోరు మాత్రం ఏనాడూ విప్పలేదు.

“నేను పోయి అడగనా?” అంది హాజిరా.

“వద్దు. నేనే అడగాలి.”

బుధవారం సాయంత్రం, సందులో పిల్లలు ట్యూషనుకు పోయే వేళ, అమానుల్లా ఎదురింటికి పోయినాడు. సౌభాగ్యమ్మ మరుసటి పొద్దుకు మినప్పప్పు కడుగుతా ఉంది. ఆయన్ను చూసి లేవబోయింది. వద్దని చేయి చూపి, ఆయన కూడా గచ్చు మీదే కూర్చున్నాడు. పప్పు పొట్టు నీళ్లలో తేలడం చూసినాడు.

“అక్కా, రేపు ఆ డేవిడ్ గారు మళ్లీ వస్తున్నాడు. నీ దగ్గరికే పంపుతా.”

“వస్తే నేను కాళ్లు పట్టుకుంటా తమ్ముడూ, తప్పు చెప్పినానని...”

“కాళ్లు వద్దు. నువ్వు చూసింది చెప్పు చాలు.” ఒక్కొక్క వేలే మడుస్తా పోయినాడు. “ఇల్లు అద్దెదని చెప్పు. మస్తానయ్య మామ బాడుగ అడగడానికి వచ్చి, అడగలేక మంచినీళ్లు తాగి పోతాడని చెప్పు. దుకాణంలో మిషను చప్పుడు నువ్వు విని ఎన్నాళ్లయిందో, అది చెప్పు. బాగు చేయడానికి ఇచ్చింది కాదు, అమ్మేసినా. పోయిన రంజానులో హాజిరా చెవులకున్నవి గిల్టువి అని నువ్వు కనిపెట్టినావని నాకు తెలుసు, అదీ చెప్పు. ఉజ్మా రోజంతా నిలబడి వచ్చి, నీ అరుగు మీద కాళ్లు ఒత్తుకొని, అప్పుడు ఇంట్లోకి నవ్వుకుంటా వస్తాదంట గదా. పిల్లే నాకు నిన్న చెప్పింది. ఆ పిల్ల చదువు కోసం ఏమేం చేస్తాందో నాకన్నా నీకే ఎక్కువ తెలుసు.”

సౌభాగ్యమ్మ చేతులు నీళ్లలోనే ఆగిపోయినాయి.

“ఇంకొకటి అక్కా. అప్పుడప్పుడు మధ్యాహ్నం గిన్నెలో ఇడ్లీలు పంపుతావు, మిగిలిపోయినాయి పారేయలేక పంపుతున్నా అంటావు. మేమూ సరేలే, పారేయడం ఎందుకు అని తీసుకుంటాం. అవి మిగిలినవి కావని నీకు తెలుసు, మాకు తెలుసు. మా పొయ్యి నుంచి పొగ రాని రోజు చూసి పంపుతావు. ఆ సంగతి రేపు ఆయనకు చెప్పాలక్కా. నా ముందరైతే నీకు నోరు పెగలదు, నాకు వినే ధైర్యం లేదు. అందుకని నేను అక్కడ ఉండను, చాటునుంచి కూడా వినను. నన్ను ఊళ్లో ఎవురు ఏమనుకుంటారో అని ఒక్క మాట కూడా తగ్గించొద్దు. మా ఇల్లు ఎట్ల ఉందో అట్ల చెప్పు. ఇది ఒక్కటి నా కోసం చేసిపెట్టక్కా.”